ఎర్ర పోలో కింద అతుకు

"అన్నా, రెండు బళ్లు దొరికాయి. నువ్వొచ్చి చూడు. నువ్వు ఏది అంటే అదే కొంటా."

ఆదివారం పొద్దున వరుణ్ ఫోన్లో ఆ మాట అనగానే పరుశురాం సరేనని పెట్టేసి, వేసుకున్న పని బట్టలు విప్పి, బీరువాలోంచి ఇస్త్రీ చొక్కా తీశాడు. "కార్లు సూడబోతూ గా చొక్కా ఏంది? గ్రీజు అంటదా?" అంది భార్య మంగ. అతను నవ్వి ఊరుకున్నాడు. మూడేళ్లుగా ఈ ఫోన్ కోసమే చూస్తున్నాడని ఆమెకి చెప్పలేదు.

పరుశురాం తండ్రి లస్మయ్య సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్‌కి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడానికి వచ్చినవాడు. ముప్ఫై ఏళ్లు ఆ మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. కొడుకు పదహారో ఏటే సాంచాల దగ్గరికి పోనని మొండికేసి గ్యారేజీలో చేరాడు. మధ్యలో నాలుగేళ్లు రింగ్ రోడ్ మార్కెట్లకి బట్టల మూటలు మోసే టెంపో నడిపాడు. చేతికి స్టీరింగు అలవాటైంది అప్పుడే. ఇప్పుడు ముప్ఫై ఆరేళ్లు. శివార్లలోని సచిన్ అనే ఊరికి వెళ్లే రోడ్డు మీద, ఒక రంగుల మిల్లు గోడకి ఆనుకుని సొంత షెడ్డు. ఇంజన్ స్టార్ట్ చేస్తే చాలు, బానెట్ తెరవకముందే రోగం చెప్తాడని పేరు.

వరుణ్ బ్యాంకు మేనేజరుగా రిటైరైన ధర్మారావు గారి ఒక్కగానొక్క కొడుకు. పుట్టింది, పెరిగింది, చదివింది సూరత్‌లోనే. హజీరా వైపు ఒక కంపెనీలో ఇంజనీరు. అయిదేళ్ల కింద పాత స్విఫ్ట్ ఒకటి వేసుకుని షెడ్డుకి వచ్చాడు. పరుశురాం ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, "మనవాళ్లేనా" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. కార్లంటే ఇద్దరికీ పిచ్చి. ఒకడికి కొనుక్కోగలిగే పిచ్చి, ఒకడికి చూసుకుని ఊరుకునే పిచ్చి.

వడోదర దాటాక, వాడకంలో లేని ఎయిర్‌స్ట్రిప్ ఒకటుంది. ఒక క్లబ్బు వాళ్లు దాన్ని ఏడాదికి రెండుసార్లు అద్దెకి తీసుకుని కార్లు పరిగెత్తిస్తారు. మలుపులకి కోన్లు పెట్టి, ఎవరు ఎన్ని సెకన్లలో తిరిగొచ్చారో బోర్డు మీద రాస్తారు. మూడేళ్ల కింద వరుణ్ తన స్విఫ్ట్‌తో వెళ్తూ పరుశురాంని కూడా తీసుకెళ్లాడు. పొద్దున్నంతా తనే నడిపి, మధ్యాహ్నం అలసిపోయి, "అన్నా, నువ్వోసారి తిప్పు" అని తాళాలిచ్చాడు. పరుశురాం మూడు చుట్లు తిప్పాడు. మూడో చుట్టు టైము వరుణ్ టైము కంటే అయిదు సెకన్లు తక్కువ. ఖరీదైన కార్లు రెండు తప్ప అన్నీ దాని వెనకే. బోర్డు మీద అతని పేరు రాయలేదు. ఎంట్రీ వరుణ్ పేరు మీద ఉంది కాబట్టి 'వరుణ్ - 2' అని రాశారు. అయినా జనం వచ్చి చెయ్యి కలిపింది అతనితోనే.

తిరిగొస్తూ హైవే మీద టీ తాగుతున్నప్పుడు వరుణ్ అన్నాడు. "ఈసారి మంచి బండి కొంటానన్నా. అది మనిద్దరిదీ. వారమంతా ఆఫీసుకి నేను వేసుకెళ్తా. ట్రాక్ రోజు సీటు నీది. నీ పేరు మీదే ఎంట్రీ."

అడిగి అనిపించుకున్న మాట కాదది. అందుకే పరుశురాంకి అది గట్టి మాటగా తోచింది.

*

మొదటి బండి దశరథం గారిది. ఆయన ప్రభుత్వ చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగి, బదిలీ మీద అస్సాం వెళ్తున్నారు. టౌన్‌షిప్‌లో షెడ్డు కింద కవరు కప్పి ఉంది తెల్ల పుంటో. వేగం కోసం చేసిన అబార్త్ రకం, మాన్యువల్ గేర్లు, కిందికి కూర్చున్న ఒళ్లు. "దీని కంపెనీ మన దేశం వదిలి వెళ్లిపోయింది. సామాను వెతుక్కోవాలి," అని ఆయన ముందే చెప్పేశారు. "నేను కొన్ని కొని దాచుకున్నా. ఆ పెట్టె కూడా ఇస్తాను. దీన్ని నడిపేవాడికే అమ్మాలని ఉంది."

పరుశురాం కారు కిందకి వెళ్లి పది నిమిషాలు చూశాడు. దాచిపెట్టింది ఏమీ కనపడలేదు. తర్వాత నడిపాడు. క్లచ్చు బరువుగా ఉంది. స్టీరింగు కూడా బరువే. కానీ మలుపులో పెట్టగానే చక్రాలు రోడ్డుని ఎలా పట్టుకున్నాయో అరచేతికి తెలిసిపోతోంది. మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడు లాగింది. అతను నాలుగు కిలోమీటర్లు వెళ్లి తిరిగొచ్చాడు.

తర్వాత వరుణ్ కూర్చున్నాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండుసార్లు ఇంజన్ ఆగిపోయింది. వెనక సీట్లో ఉన్న అతని భార్య ఇందుజ తల పైకప్పుకి తగిలింది. "రోజూ ఇందులో తిరిగితే నా నడుం పోతుంది," అంది ఆమె. ఆ మాటా నిజమే. ఆమె స్కూల్లో టీచరు. పొద్దున వరుణ్ ఆమెని దింపే ఆఫీసుకి వెళ్తాడు.

రెండోది ఊళ్లోనే వేసూ పేటలో, పాత కార్లు అమ్మే కల్పేశ్‌భాయ్ కొట్లో. ఎర్ర పోలో. ఆటోమేటిక్. కొత్త చక్రాలు, నల్ల రంగు పైకప్పు, కంప్యూటర్ పెట్టి పెంచిన ఇంజన్ శక్తి. ధర పుంటోకి అటూ ఇటూగా ఉంది. వరుణ్ నడిపాడు. పరుశురాం పక్కన కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగి కదిలినప్పుడల్లా వరుణ్ ముఖంలో నవ్వు. "చూశావా అన్నా, గేర్ల బాధే లేదు. నేను కూడా డ్రైవర్ని అయిపోయా."

"బండి మంచిగనే ఉరుకుతంది," అన్నాడు పరుశురాం. "జర కింద జూస్త. షెడ్డుకు తీస్కపోదాం."

కల్పేశ్‌భాయ్ అడ్డు చెప్పలేదు. "గంటసేపు తీసుకెళ్లండి. ఒక్క గీత పడని బండి భాయ్ ఇది," అన్నాడు.

షెడ్డులో కారుని లిఫ్టు మీద ఎత్తి, పరుశురాం కింద టార్చి పట్టుకుని ముప్పావుగంట గడిపాడు. పుంటో కింద పది నిమిషాలు, దీని కింద ముప్పావుగంట. ఆ తేడా అతనికి అప్పుడే తెలుసు. ఏదో ఒకటి దొరకాలని వెతుకుతున్నాడు. దొరికింది.

ఎడమవైపు ముందు చక్రం లోపల, ఇంజన్ బరువునీ చక్రం బరువునీ పట్టి ఉంచే ఇనుప కడ్డీ ఉంటుంది. మెకానిక్‌లు చాసిస్ లెగ్ అంటారు. ఫ్యాక్టరీలో వేసిన వెల్డింగు గుండ్రటి చుక్కల్లా వరుసగా ఉంటుంది. ఇక్కడ చుక్కలు లేవు. చేత్తో వేసిన వెల్డింగుని గ్రైండర్‌తో నున్నగా చేసి, పైన దట్టంగా నల్ల రంగు పూశారు. గోటితో గీకితే రంగు పెచ్చులుగా వచ్చింది. కింద జానెడు పొడుగు అతుకు.

ఇందుజ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పరుశురాం వరుణ్‌ని కిందకి పిలిచి, అతని వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టాడు.

"గిది గట్టిగ గుద్దిన బండి, వరుణ్‌భాయ్. లెగ్ కోసి, ఇంకో బండి ముక్క తెచ్చి అతికిచ్చిన్రు."

ఇందుజ ఫోన్ పక్కన పెట్టి లేచి వచ్చింది. "అంటే ఏమవుతుంది?"

"ఊళ్లె నడిపితే ఏం గాకపోవచ్చు మేడం. ట్రాక్ మీద స్పీడుల బ్రేకు కొట్టి మలుపుతే బరువంత గీడనే పడ్తది. అతుకు ఇడిసిందనుకోండ్రి, చక్రం ఎటు పోతదో చెప్పలేం."

ఆమె వంగి చూసింది. వేలితో తనూ తడిమింది. "అమ్మో," అని చెయ్యి తీసేసింది.

వరుణ్ ఫోన్లో కారు నంబరు కొట్టి ఇన్సూరెన్సు చరిత్ర చూశాడు. "ఒక్క క్లెయిమ్ కూడా లేదే అన్నా."

"సొంత పైసలు పెట్టి చేయించుకున్నోనికి క్లెయిమ్ ఎట్ల ఉంటది?"

వరుణ్ కల్పేశ్‌భాయ్‌కి ఫోన్ చేశాడు. ఆయన గుజరాతీలో చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు. రాళ్లు తగిలి రంగు పోతే మళ్లీ వేయించామన్నాడు. ఫోన్ పెట్టేశాక వరుణ్ మెల్లగా అడిగాడు.

"ఒకటి చెప్పన్నా. పుంటో అయితే నీకు నడపడానికి బాగుంటుంది కదా?"

 ఆ ప్రశ్నకి నిజమైన జవాబు అవును. అవునంటే అతుకు సంగతి అబద్ధమైపోతుంది. కాదంటే అది అబద్ధం.

"బాగుంటది," అన్నాడు చివరికి. "గని గీ అతుకు నేను పెట్టింది గాదు గదా భాయ్."

"నువ్వు పెట్టావని కాదులే," అన్నాడు వరుణ్. అతని గొంతులో అప్పటికే నిర్ణయం ఉంది.

*

పదిరోజుల తర్వాత ఎర్ర పోలో పూలదండతో షెడ్డు ముందు ఆగింది. వరుణ్ దిగి స్వీట్ల డబ్బా ఇచ్చాడు. "ఇందుజకి ఇదే నచ్చిందన్నా. రోజూ తిరగాల్సింది తనే కదా," అన్నాడు. తర్వాత, అడక్కముందే, "నవంబర్‌లో ట్రాక్ ఉంది. ఆటోమేటిక్ కాబట్టి ఈసారి నేనే నడుపుతా. నా టైము నేను చూసుకోవాలని ఉంది. నువ్వు పక్కనుండి టైర్ల గాలి, వేడి, అవి చూడు. నువ్వు లేకపోతే నాకు ధైర్యం ఉండదు," అన్నాడు.

పరుశురాం స్వీటు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సీటు మాట అడగాలనుకున్నాడు. ఎవడి బండి వాడు నడుపుకుంటానంటే ఏమని అడుగుతాం?

"ట్రాక్ మీదికి పోయేముందు ఆ లెగ్గుకు ఇనుప ప్లేటేసి గట్టి చేద్దాం, భాయ్," అని మాత్రం అన్నాడు.

"చూద్దాంలే."

నవంబర్ దాకా వరుణ్ మళ్లీ దాని ఊసెత్తలేదు. పరుశురాం రెండుసార్లు గుర్తుచేశాడు. మూడోసారి, పుంటో మీద మనసు ఇంకా పోలేదా అన్నా అని వరుణ్ నవ్వేసరికి, ఇక ఎత్తలేదు. బ్రేకులు మార్చాడు, ఆయిల్ మార్చాడు, టైర్లు ఎక్కించాడు. చక్రం విప్పిన ప్రతిసారీ ఆ అతుకు కళ్లెదుటే ఉండేది.

ట్రాక్ దగ్గర, కార్లు వదిలేముందు ప్రతి బండినీ తనిఖీ చేస్తారు. ఆ పని చూసే ఆయన తెల్ల టోపీ పెట్టుకున్న పార్సీ ముసలాయన. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. పోలో ముందు చక్రం విప్పించి, లోపల చెయ్యి పెట్టి తడిమి, జేబులోంచి చిన్న అద్దం తీసి చూశాడు. చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు. వరుణ్ ఆఫీసు వాళ్లు, అతని పై అధికారి, క్లబ్బు కుర్రాళ్లు. అందరూ కొత్త బండి చూడ్డానికి వచ్చినవాళ్లే.

"ఈ కారు పరిగెత్తదు," అన్నాడు ముసలాయన హిందీలో. "ముందు భాగం కోసి అతికించారు. ఎవడు చూసి కొనిపించాడు దీన్ని?"

 వరుణ్ ముఖం ఎర్రబడింది. అందరూ అతని వైపే చూస్తున్నారు. అతను తిరిగి పరుశురాంని చూశాడు.

"మా మెకానిక్ చూశాడు," అన్నాడు హిందీలోనే. తర్వాత తెలుగులో, "ఏంటిది పరుశురాం? లిఫ్టెక్కించి గంటసేపు చూశావు కదా. నీకు కనపడలేదా?"

అయిదేళ్లలో 'అన్నా' అనకుండా అతని పేరు పలకడం అదే మొదటిసారి. పరుశురాం చేతిలో టైరు గాలి చూసే మీటరు ఉంది. దాన్ని కింద పెట్టాడు.

"నేను జెప్పిన గదా. నీ ఏలు వట్టి సూపిచ్చిన. మేడం గూడ ఉన్నరు."

హిందీలో కూడా అదే చెప్పాడు, అందరికీ అర్థం కావాలని. ఇందుజ కొద్ది దూరంలో గొడుగు కింద నిలబడి ఉంది. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె భర్తని చూసింది. అతని వెనక నిలబడ్డ పై అధికారిని చూసింది.

"నాకైతే గుర్తులేదు," అంది. "వీళ్లిద్దరూ కార్ల గురించి ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటారు. నేనవి వినను."

క్లబ్బు కుర్రాడొకడు నవ్వాడు. ఇంకొకడు, "ఈ మెకానిక్‌లంతా ఇంతే, అమ్మేవాడి దగ్గర కూడా కమీషను తింటారు," అన్నాడు. వరుణ్ ఆ మాట విన్నాడు. కాదనలేదు.

పార్సీ ముసలాయన ఒక్కడే పరుశురాంని కొంచెంసేపు అలాగే చూశాడు. తర్వాత రాసుకునే అట్ట తీసుకుని పక్క కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

పరుశురాం తన పనిముట్ల సంచి భుజాన వేసుకుని గేటు దాటి హైవే దాకా నడిచాడు. బస్సు దొరికేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నాలుగింటికి ఇల్లు చేరాడు. పెందలాడే వచ్చావేమని మంగ అడిగితే, బండి పాసు కాలేదని చెప్పి పడుకున్నాడు. నిద్ర రాలేదు. తనని దొంగ అన్నందుకు కాదు. ఇందుజ ఆ రోజు అతుకు తడిమి చెయ్యి వెనక్కి తీసుకోవడం కళ్లలో కనపడుతూనే ఉంది.

*

ఎవరూ వచ్చి అతన్ని తిట్టలేదు. రావడం మానేశారు, అంతే. వరుణ్ స్నేహితులవి అయిదు కార్లు షెడ్డుకి వచ్చేవి. నాలుగు రాలేదు. అయిదోవాడు బ్యాటరీ కోసం వచ్చి, బానెట్ మూసేదాకా పక్కనే నిలబడి చూశాడు. మునుపు తాళాలు పడేసి వెళ్లిపోయేవాడు.

జనవరి చివర్లో ఒక శనివారం వరుణ్ వచ్చాడు. పోలోని బయటే ఆపి, లోపలికి వచ్చి, పాత అలవాటు కొద్దీ స్టూలు లాక్కోబోయి ఆగాడు.

"అన్నా, ఆరోజు తప్పైపోయింది," అన్నాడు. "మా బాస్ ఉన్నాడక్కడ. ఏం చెప్పాలో తోచలేదు. నువ్వు చెప్పావు. నేనే వినలేదు."

పరుశురాం స్పానరు తుడుచుకుంటూ విన్నాడు. రెండు నెలలుగా ఈ మాట కోసం ఎదురుచూశాడు.  "ఇగ పోనీ, భాయ్," అనబోయాడు.

వరుణ్ ఆగలేదు. "బండి అమ్మేస్తున్నా. భరూచ్ నుంచి ఒకాయన వస్తున్నాడు, సోమవారం. తన మెకానిక్‌ని తెచ్చుకుంటాడట. నువ్వు ఆ చోట నున్నగా చేసి, కొత్తగా అండర్‌కోట్ నల్ల రంగు కొట్టి పెట్టావంటే చాలు. నీ చేతి పని ఎవడూ కనిపెట్టలేడు."

పరుశురాం స్పానరు బల్ల మీద పెట్టాడు.

"గిందుకొచ్చిండ్రా, సార్?"

సార్ అనడంతో వరుణ్ తలెత్తాడు.

"ప్లేటేస్త. గట్టిగ చేస్త. చేసిన అని బిల్లు మీద రాస్త. ఆ కాయిదం కొనెటోనికి సూపియ్యండ్రి."

"అది చూపిస్తే ఎవడు కొంటాడు?"

"నాకు దెల్వది సార్."

"నన్ను మోసం చేసినవాడిని వదిలేసి నా మీద పడతావేంటి? నేను నీకేం అన్యాయం చేశాను? అయిదేళ్లు నీకెంతమందిని తీసుకొచ్చాను?" వరుణ్ గొంతు పెరిగింది. పరుశురాం జాకీ ఎక్కించిన బండి పక్కన కూర్చుని పనిలో పడ్డాడు. కాసేపటికి పోలో స్టార్టయి వెళ్లిపోయింది. దాని శబ్దంలో కొత్తగా సన్నటి గరగర ఉంది. ఎడమ ముందు చక్రం బేరింగు పోతోందని అతని చెవికి తెలిసిపోయింది. వినకుండా ఉందామనుకున్నా చెవులు వినడం మానలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మంగనీ కూతురినీ తీసుకుని డుమస్ బీచికి వెళ్లాడు. తోపుడు బండి దగ్గర టమాటా భజియా తింటున్నారు. వెనకనుంచి ఎవరో, "పరుశురాం గారూ," అన్నారు. ఇందుజ. ఒక్కతే వచ్చింది. వరుణ్ దూరంగా ఫోన్లో మాట్లాడుతూ సముద్రం వైపు తిరిగి ఉన్నాడు.

"కారు అమ్మేశాం," అంది. "ఆ కల్పేశ్‌భాయే వెనక్కి తీసుకున్నాడు. ఇంకో కారు ఇచ్చాడు."

అంటే మళ్లీ ఆ కొట్లోనే, గీత పడని బండిగా నిలబడి ఉంటుంది.

"మంచిది మేడం."

ఆమె వెళ్లలేదు. చేతిలో కాగితం ప్లేటు నలుపుతూ నిలబడింది. "ఆరోజు నాకు గుర్తుంది," అంది మెల్లగా. "అక్కడ కూడా గుర్తుంది."

పరుశురాం ఆమెని చూశాడు. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు.

"గా మాట గాడ జెప్పేదుండె."

"అంతమందిలో ఆయన పరువు..." అని ఆగిపోయింది. "మీకు తెలియాలని చెప్పాను. మనసులో ఉంచుకోలేక."

"నాకు ముందుగాలనే దెల్సు మేడం," అన్నాడు. "తెల్వాల్సింది నాకు గాదు."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. బరువు దించుకున్నట్టు, వచ్చినప్పటికంటే కొంచెం తేలిగ్గా నడిచింది. మంగ ఎవరామె అని అడిగితే, "షెడ్డుకొచ్చే గిరాకి" అన్నాడు.

ఆ తర్వాత పరుశురాం పాత కార్లు చూసిపెట్టడం మానేశాడు. రిపేరుకొస్తే చేస్తాడు. ఏది కొనమంటావని అడిగితే మాత్రం, "మీకేది మంచిగనిపిస్తే గది తీస్కోండ్రి" అంటాడు. ఇప్పుడు ఎక్కువగా టెంపోలే వస్తున్నాయి.

మొన్న ఆగయ్య వచ్చాడు. సాంచాల కార్ఖానాలో లస్మయ్య పక్కనే ఇరవై ఏళ్లు పనిచేసినవాడు. కొడుకు చేత బడి పిల్లల్ని దింపే వ్యాను కొనిపిద్దామని రెండు పాత బళ్లు చూసుకున్నాడట. "జర నువ్వొచ్చి కింద మీద జూడు కొడుకా. మాకేం దెలుస్తది," అన్నాడు.

"నేను సూస్తలేను కాకా. ఇడిసిపెట్టిన."

"గదేందిరా? నీకంటె ఎవనికి ఎరుక?"

"ఇంకెవరినన్న అడుగు."

ఆగయ్య ఇంకా ఏదో అంటాడని పరుశురాం చూశాడు. ముసలాయన కండువా దులుపుకుని, ఎండలో రోడ్డు దాటి బస్టాపు దగ్గర నిలబడ్డాడు. సద్ది గిన్నె తెచ్చిన మంగ అంతా విన్నది. గిన్నె బల్ల మీద పెట్టి, మొగుడి ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఆగయ్య కాక నీకేం జేసిండు?"

పరుశురాం రోడ్డు వైపు చూశాడు. బయట సచిన్ బస్సు వచ్చి ఆగింది, ఆగయ్యని ఎక్కించుకుని వెళ్లిపోయింది. అతను చేతులు కడుక్కుని గిన్నె మూత తీశాడు.